పంతులమ్మ తొమ్మిదో అధ్యాయం

అక్క చావుకు రాని మరదలు, ఏడాది తిరిగాక వచ్చింది. అప్పుడు జర్మనీలో ఉంది, అక్కడివాళ్లిచ్చిన స్కాలర్‌షిప్ మీద. మరదలికి ఆ భాష అక్షరం ముక్క నేర్పింది అక్కే. మా కుట్టుమిషన్ల రిపేరు షాపు మీది గదిలో సాయంత్రాలు నా భార్య జర్మన్ క్లాసులు చెప్పేది. వీధంతా పంతులమ్మ అనేవాళ్లు.

నేను మిషను విప్పుకుని కూర్చున్నాను. మరదలు స్టూలు లాక్కుంది.

"బాగున్నావా బావా?"

"చూస్తున్నావుగా."

సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. పంతులమ్మ చేస్తూ చేస్తూ పోయిన అనువాదం. పడవ నడిపే ఒక మొండి ఆడమనిషి కథ. పన్నెండు అధ్యాయాల్లో పది ఆవిడ చేసింది. చివరి రెండూ మరదలు పూర్తి చేసింది. అచ్చుకు ఆ దేశంలో అనువాదాలకిచ్చే గ్రాంటు అడిగింది.

"ఇస్తామన్నారు బావా. కానీ మధ్యలో కొంత తేలిపోయింది, దిద్దమన్నారు. అక్క పేరున్న పుస్తకంలో ఏది మార్చాలన్నా నీ సంతకం కావాలట."

"అక్క రాసింది నువ్వు దిద్దుతావా? గురువుకే నామాలు పెడతావా?"

"కొంచెమే."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? తేలిపోయిందీ అంటే నీ భాగమే అయ్యుంటుంది. అది దిద్దుకో."

మరదలు తల వంచుకుంది. ఆ తల వంచుకోవడం చూసి నాకు ఇంకా మండింది.

ఆవిడ వాక్యం నాకు తెలుసు. క్లాసు అయ్యాక కిందికి దిగి, ఆ రోజు చేసిన పేజీ నాకు చదివేది. నాకు జర్మన్ రాదు. అందుకే నాకు చదివేది. వింటూ నేను పని ఆపితే ఆ వాక్యం ఉండేది. నా స్క్రూడ్రైవరు తిరుగుతూనే ఉంటే కొట్టేసేది.

"ఇటివ్వు. నీది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపిస్తాను."

చేతులు తుడుచుకుని చదివాను. ఎనిమిది అధ్యాయాలూ విన్నవే. తొమ్మిదిలో రెండో పేజీకి కథ కుంటింది. నది చల్లగా ఉంది. నది పెద్దగా ఉంది. పడవామె కూర్చుంది, మళ్లీ కూర్చుంది. ఒక వాక్యానికి తోకే లేదు.

"ఇదిగో, పదకొండు కాదు, తొమ్మిదిలోనే నీ చెయ్యి పడింది. నీళ్లు కలిపిన పాలు. అంత దూరం తీసుకెళ్లి నీకు నేర్పింది ఇదేనా?"

మరదలు ఆ పేజీ అంచు సరిచేసింది.

"నోరు పడిపోయిందా?"

"అది అక్కదే బావా."

మిషను మీద నూనె డబ్బా ఒరిగింది. నేను పట్టుకోలేదు.

"తొమ్మిది, పది ఆసుపత్రిలో చేసింది. మందుల మత్తులో ఫోనులో చెబుతుంటే నేను రాసుకునేదాన్ని. బావకి చదివి వినిపించనా అంటే, వద్దు, ఆయన పని ఆపడు, నాకు తెలుసు అంది."

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆవిడ కళ్లు మూసుకుని ఉండేది. నిద్రనుకున్నాను.

"ఆ గ్రాంటువాళ్లకి తెలుసా?"

"తొమ్మిది నుంచీ నాదే అని చెప్పాను."

"దిద్దకపోతే?"

"డబ్బు రాదు. పుస్తకం రాదు."

"అయితే నేను పోయినా రాకు అని కూడా అక్కే చెప్పిందా నీకు?"

"చెప్పింది."

"చెబితే మాత్రం? రావలసింది."

"రావలసింది" అంది.

ఆ రెండు అధ్యాయాలూ మళ్లీ మొదటినుంచి చదివాను. గిరాకీ ఇద్దరొచ్చారు, రేపు రమ్మన్నాను. బాగులేదు. ఏ వాక్యమూ బాగులేదు. పదో అధ్యాయంలో పడవామె ఒడ్డుకు చేరాలి. ఒడ్డు అన్నమాట మూడుసార్లొచ్చింది, ఆవిడ మాత్రం చేరలేదు. ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు లేక చెబుతూనే పోయినట్టుంది. ఇలాంటివి జనం చదివి, పంతులమ్మకు ఇంతే వచ్చనుకుంటారు.

"ఎనిమిదిదాకా చుక్క కూడా ముట్టుకోకు" అన్నాను.

"ముట్టుకోను."

"ఇవి దిద్దు. కానీ ఈ కాగితాలు నాకిచ్చి వెళ్లు. ఇంకో ప్రతి ఉందా?"

"కంప్యూటర్లో ఉంది."

"పని కాగానే ఆ పాత ప్రతి తీసెయ్."

సంతకం పెట్టాను.

"పేర్లు ఎలా వేస్తారు?"

"అక్కది పైన. నాది కింద."

"నీది చిన్నక్షరాల్లో."

"అలాగే బావా."

టీ తాగుతావా అని అడగలేదు. తనూ నేనడుగుతానని ఎదురు చూడలేదు.