అవతలికి మడిచిన విస్తరి

యెసేనియా చేతుల మీద మరిగే నూనె పడినప్పుడు గోడ అవతల హాల్లో చప్పట్లు మోగుతున్నాయి. ఆ చప్పట్లు దేనికో ముందు చెప్పాలి. లేకపోతే మీకు నా కోపం అర్థం కాదు.

ఆ రోజు ఇర్వింగ్‌లో ఉగాది సంబరాలు. స్టేజీ మీద డాక్టర్ వెంకటేశ్వర్లు గారు మాట్లాడుతున్నారు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, గుండె డాక్టరుగా రిటైరై, ఇక్కడి తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కుగా ఉన్న మనిషి. ఆయన వెనక తెర మీద రెండు స్తంభాల బొమ్మ ఉంది. పొడుగు స్తంభం మనవాళ్ళ ఇంటి ఆదాయం. దాని నడుం దాకా కూడా రాని పొట్టిది మెక్సికో, హోండురాస్ వైపు నుంచి వచ్చినవాళ్ళది.

"నేను దిగినప్పుడు నా జేబులో ఏమీ లేదు. వాళ్ళూ మనలాగే ఇమిగ్రెంట్స్. మరి ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చింది? చదువు, డిసిప్లిన్, కుటుంబం. అంతే!" అన్నారాయన. హాలంతా చప్పట్లు కొట్టింది. మెడికల్ డిగ్రీ జేబులో పట్టదు గనక ఆయన లెక్కలోకి రాలేదు కాబోలు. డాక్టర్లు కావాలని ఈ దేశమే ఏరి కోరి పిలిపించుకున్న సంగతీ ఆయన చెప్పలేదు.

నేను బొబ్బట్ల ట్రే పట్టుకుని వంటగది తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నా పేరు దేదీప్య. చదివేది డేటా అనలిటిక్స్, అంటే అలాంటి బొమ్మలు గీసే చదువు. వారాంతాల్లో రఘు గారి కేటరింగ్‌లో వడ్డన చేస్తాను. స్టూడెంట్ వీసా ఆ పనికి ఒప్పుకోదు, ఫీజులేమో ఆ పని మానడానికి ఒప్పుకోవు. తలుపు దగ్గర ఉన్నాను కాబట్టి అవతల బొమ్మా చూశాను, ఇవతల జరిగిందీ చూశాను.

వెనక తలుపు దారికి పొయ్యి అడ్డంగా ఉందని హాలు మేనేజరు వచ్చి గొణిగి వెళ్ళాడు. రఘు గారు మూకుడు వైపు చెయ్యి చూపించాడు.

"ఎత్తి అటు పెట్టండి. త్వరగా, త్వరగా."

"నూనె సలసల కాగుతాంది సారూ. జర సల్లారనియ్యుండ్రి," అంది బాలమణి పెద్దమ్మ. ఆర్మూరు వైపు మనిషి. ఆమెనీ, ఆమె భర్త మల్లయ్యనీ రఘు గారే వంటకని వీసా ఇప్పించి తెచ్చాడు.

"చల్లారేదాకా కూర్చుంటే గారెలు ఎప్పుడేస్తావక్కా? యెసేనియా, నువ్వు పట్టు. మార్తా, నువ్వా పక్క!"

హోండురాస్ నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు వాళ్ళు. నేల తడిగా ఉంది. మార్తా కాలు జారింది. నూనె చెల్లెలి రెండు చేతుల మీదా మోచేతుల దాకా పడింది.

ఆ కేక విన్నవాళ్ళు జన్మలో మర్చిపోలేరు. బాలమణి పెద్దమ్మ ఆమెని లాక్కెళ్ళి పంపు కింద చేతులు పెట్టించింది. రఘు గారు మాత్రం ముందు హాలు తలుపు మూశాడు. అవతల కూర్చున్నవాళ్ళలో సగానికి సగం డాక్టర్లు.

"ఒక్క డాక్టరును పిలుస్త. జరుగుండ్రి," అంది పెద్దమ్మ.

అతను తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ప్రోగ్రాం పాడవుద్దక్కా. అంబులెన్స్ వస్తే వెనకాలే పోలీసులొస్తారు. ఆ అమ్మాయికి కాగితాల్లేవు. నీ వీసా, మల్లయ్య బావ వీసా నా చేతుల్లో ఉన్నాయ్. మనం మనం ఒకటి కదా, అర్థం చేసుకో."

యెసేనియాని వెనక తలుపులోంచి పంపేశారు. మార్తా కారు తోలుకుంటూ, ఏడ్చుకుంటూ ఆసుపత్రి వెతుక్కుంది. వంటగదిలో నేల తుడిచి, కొత్త నూనె పోసి మళ్ళీ పొయ్యి వెలిగించాం. గారెలు చాలా బాగున్నాయని ఆ రోజు అందరూ అన్నారు. నాకు నా మీదే అసహ్యం వేసింది.

యెసేనియా గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. బంతి భోజనాలైనప్పుడు విస్తళ్ళు ఎత్తడం ఆమె పని. ఒకసారి ఎవరివో పదకొండో రోజు భోజనాలకి వంట తీసుకెళ్ళాం. ఆకులన్నీ అవతలి వైపుకి మడిచి ఉండడం ఆమె కనిపెట్టింది. పెళ్ళిళ్ళలో ఇటు మడుస్తారు కదా, ఇదేమిటని అడిగింది.

"తన దిక్కు మడిస్తె సుట్టరికం ఉండాలెనని. అవతలికి మడిస్తె సావు కూడు. మల్ల గిసుంటి బువ్వ తినే గతి రావద్దని," అంది పెద్దమ్మ. నేను తర్జుమా చేశాను. యెసేనియా ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుని, ఆ ఆకుల్ని మెల్లగా ఎత్తింది. అన్నేళ్ళుగా మన ఎంగిలాకులు ఎత్తిన వాళ్ళలో, వాటి అర్థం అడిగిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ఆమె కుడి చెయ్యి ఇక మూసుకోదని డాక్టర్లు చెప్పారు. వైద్యం ఖర్చు భరించమని మార్తా వెళ్ళి అడిగితే, "ఆవిడెవరో నాకు తెలీదు. గిన్నెలెత్తుకుపోదామని లోపలికొచ్చి జారిపడింది," అన్నాడు రఘు గారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి, కట్టు మార్పించుకోవడానికి బయల్దేరిన యెసేనియాని అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరే ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకెళ్ళారు. ఫోన్ ఎవరు చేశారో రుజువు లేదు. ఆ మధ్యాహ్నం మా తెలుగువాళ్ళకి రఘు గారు స్వయంగా నెయ్యి వడ్డించాడు, అది మాత్రం చూశాను. మాకెప్పుడూ లోపల బల్ల మీద భోజనం, వాళ్ళకి బయట మెట్ల మీద డబ్బా. మేము దాన్ని గౌరవం అనుకున్నాం.

మార్తా మాట్లాడిన వకీలు ఒకటే మాట చెప్పాడట. మూకుడు ఎత్తమన్నదెవరో, తలుపు మూసిందెవరో చూసినవాళ్ళు నోరు విప్పాలి. లేకపోతే ఆమె దొంగగా ఈ దేశం దాటుతుంది. మార్తా సొంత అక్క, పైగా ఆమెకీ కాగితాల్లేవు. చూసిన మిగతావాళ్ళమంతా తెలుగువాళ్ళం.

ఆ ఆదివారం పొద్దున పెద్దమ్మనీ, మల్లయ్య పెదనాయననీ మార్తా వాళ్ళ అపార్ట్‌మెంట్ల లాండ్రీ గదికి తీసుకెళ్ళాను. పెదనాయన దారంతా గొణుగుతూనే ఉన్నాడు. గది కిటకిటలాడుతోంది. బట్టల మిషన్లు ఒకపక్క తిరుగుతున్నాయి, వాటి మీదే పిల్లలు కూర్చున్నారు. యెసేనియా కూతుర్ని ఈ వారం ఎవరు చూసుకోవాలి, జైలుకి ఆమెని చూడ్డానికి ఎవరు వెళ్ళాలి, ఇదే చర్చ. పిలవకుండానే వచ్చారంతా.

"ఇది మన లొల్లి గాదు," అన్నాడు పెదనాయన. "పరాయోళ్ళ కోసం మన కూట్ల మనమే మన్ను వోసుకుంటమా? ఆ డాక్టరు సారు సూపించిండు గద. మనోళ్ళు పైనున్నరు. మనకేమన్నయితె మనోళ్ళే సూస్కుంటరు."

"ఆ బొమ్మలో నువ్వు ఎక్కడున్నవో తెలుసా పెదనాయనా?" అన్నాను. "పొడుగు స్తంభంలనే ఉన్నవ్. రఘు గారి బంగళా, డాక్టరు గారి పెన్షను, బియ్యం బస్తాల మధ్య పడుకునే నువ్వు, అందర్నీ కలిపి తలా ఇంత అని పంచితే వచ్చిన ఎత్తు అది. కాగితం మీదే పంచిన్రు. నీ చేతికి ఏమన్న వచ్చిందా?"

ఏమంటున్నారని మార్తా అడిగింది. చెప్పాను.

"మా స్తంభం పొట్టిదే, అబద్ధమెందుకు?" అంది. "నా కొడుక్కి పన్ను నొప్పి వస్తే ఉప్పునీళ్ళు పుక్కిలించమంటాను, డాక్టరు దగ్గరికి పోలేను. మీ రఘు పిల్లలు డాక్టర్లవుతారు, మా పిల్లలు వాళ్ళ ఇళ్ళ కప్పులు వేస్తారు. ఆ బొమ్మ అంతవరకు నిజమే. కానీ నా చెల్లెల్ని తీసుకెళ్ళిన రోజే ఈ గది నిండింది. మీరు పడిపోతే ఎవరొస్తారు?"

నేను తెలుగులో చెప్పడం పూర్తవకముందే పెద్దమ్మ భర్త వైపు తిరిగింది.

"పోయినేడు నీకు గుండెల నొప్పి లేసినప్పుడు ఎవలొచ్చిండ్రు? గ్యాసని రఘు సోడ తాపిచ్చిండు. పెండ్లి వంట కానియ్యి, రేపు సూద్దామన్నడు. నిన్ను కార్ల ఏసుకొని దవాఖానకు ఉరికిచ్చిందెవలు? గీ యెసేనియా గాదా? ఆమెకు లైసెన్స్ లేదయ్యా! దారిల పోలీసోడు ఆపితే గా దినమే ఆమెను తోలేస్తుండిరి. ఆమెకు ఎరికే. అయినా వచ్చింది. నువ్వేమో పరాయోళ్ళంటున్నవ్!"

పెదనాయన తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"డాక్టరు సారు సహస్ర చంద్ర దర్శనం వస్తాంది గద," అన్నాడు. "ఎనభై ఏండ్ల పండుగ. అరిటాకుల బంతి. వంట మంచిగ జేద్దాం, ఏ లోటు రానియ్యొద్దు. ఇస్తర్లేద్దాం, నీళ్ళు సల్లుదాం. వడ్డించొద్దు."

ఆకు ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టకపోతే అంతకు మించిన అవమానం లేదని, కూర్చున్నవాళ్ళు ఊరికే లేవలేరని మార్తాకి వివరించాను. "అయితే వినక తప్పదు," అంది ఆమె. చెల్లెలు వెళ్ళాక ఆమె మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది.

ఆ రోజు రానే వచ్చింది. అదే హాల్లో వరసలుగా బల్లలు, ఫ్లోరిడా నుంచి తెప్పించిన లేత అరిటాకులు. మొదటి బంతిలో నడిమధ్య వెంకటేశ్వర్లు గారు పట్టుపంచెతో కూర్చున్నారు. ఆయన ఎదుటి వరసలో పాత స్నేహితురాలు, పిల్లల డాక్టరుగా రిటైరైన లీల గారు. అందరూ ఆకు మీద నీళ్ళు చల్లుకుని, తుడుచుకుని వంటగది వైపు చూశారు.

"వడ్డించండి, వడ్డించండి!" అంటూ రఘు గారు తిరుగుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. మేమంతా, వెనక తలుపులోంచి వచ్చి మాతో కలిసిన మార్తాతో సహా, ఏప్రన్లతో, ఖాళీ చేతులతో బయటికొచ్చాం. ఒక తెలుగు మనిషి పక్కన ఒక హోండురాస్ మనిషి చొప్పున వరసల మధ్య నిలబడ్డాం.

"ఏమిటమ్మా ఇది, ఇవాళ శుభమా అని?" అన్నారు వెంకటేశ్వర్లు గారు.

"కడుపు కొట్టనీకి రాలేదు సారూ," అంది పెద్దమ్మ. "అన్నం లోపట ఉడుకుడుకుగున్నది. ముందుగాల ఒక్క ముచ్చట ఇనుండ్రి. ఉగాది నాడు మీరు గా రెండు స్తంభాలు సూపిస్తున్నప్పుడు, గీ గోడ అవతల యెసేనియా అనే పిల్ల చేతులు కాలినయి. కాగే నూనె ఎత్తుమన్నది గీ రఘు. ఆమె మొత్తుకుంటాంటె తలుపు మూసింది గీ రఘు. మీకు ఇనబడొద్దని! గిప్పుడు ఆమె జైల్ల ఉన్నది, దొంగని పేరు వెట్టిండ్రు. ఆమె దొంగ గాదు. నా కండ్లార సూసిన."

"నేనూ సూసిన," అన్నాడు పెదనాయన. "నేను కూడా," అన్నాను. మిగతావాళ్ళూ అన్నారు. ఫోన్లు పైకి లేచాయి, రికార్డవుతోంది.

లీల గారు తలెత్తారు. "ఆ రోజు నేను ముందు వరసలోనే ఉన్నాను. నన్నెందుకు పిలవలేదమ్మా?"

"రానియ్యలేదమ్మా. తలుపుకు అడ్డం నిలవడ్డడు."

"సరే, సరే," అన్నారు వెంకటేశ్వర్లు గారు. "ఇది లీగల్ మేటర్. వాళ్ళకి స్టేటస్ కూడా లేదంటున్నారు. భోజనాలయ్యాక మాట్లాడదాం. రఘూ, ముందు వడ్డించమనవయ్యా."

వెనక నుంచి ఎవరో "ఆకలేస్తోంది బాబూ!" అని అరిచారు. కొందరు నవ్వారు కూడా. రఘు గారు అప్పటికే పోలీసులకి ఫోన్ చేస్తున్నాడు.

నేను మార్తా దగ్గరికి పరుగెత్తాను. పోలీసులు రాకముందే వెనక తలుపులోంచి వెళ్ళిపొమ్మన్నాను.

"ఆ తలుపులోంచి నా చెల్లెలు వెళ్ళింది, చాలు," అంది.

బాలమణి పెద్దమ్మ మొదటి బంతిలో ఖాళీగా ఉన్న చోటుకి నడిచింది. ఏప్రన్‌తోనే కూర్చుంది. తన ముందున్న ఖాళీ విస్తరిని అందరూ చూస్తుండగా అవతలికి మడిచింది.

"అయ్యో, ఎనభయ్యో పుట్టినరోజు నాడు!" అని ఎవరో గుండెలు బాదుకున్నారు. పక్క విస్తరి దగ్గర పెదనాయన కూర్చుని మడిచాడు. ఆ పక్కన మార్తా. మావాళ్ళు ఒక్కొక్కరే అతిథుల మధ్య కూర్చుని మడుస్తూ వచ్చారు. పోలీసులు లోపలికొచ్చేసరికి లీల గారు తన ఆకు కేసి చూస్తున్నారు. ఆవిడ కూడా అవతలికే మడిచారు.

"లీలా!" అన్నారు వెంకటేశ్వర్లు గారు.

"డాక్టర్నండీ నేను," అన్నారావిడ. ఏడుస్తున్నారు. "తలుపు అవతలే ఉన్నాను."

పోలీసులు లేవమంటే మావాళ్ళలో మిగతావాళ్ళు లేచారు. లేవనందుకు పెద్దమ్మకీ, పెదనాయనకీ, మార్తాకీ సంకెళ్ళు వేశారు. "మీ వీసాలు ఇవాళ్టితో సరి!" అని రఘు గారు అరిచాడు. బయట లాండ్రీ గది జనమంతా నిలబడి ఉన్నారు. పోలీసు కారెక్కుతూ పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"కోర్టుల గిదే ముచ్చట చెప్తనని వకీలుకు చెప్పు బిడ్డా."

నేను ఏప్రన్ విప్పడానికి లోపలికి వెళ్ళాను. హాలు సగం ఖాళీ అయింది. అవతలికి మడిచిన ఆకులు బల్లల మీద అలాగే ఉన్నాయి, లీల గారి తర్వాత ఇంకెందరు మడిచారో నేను చూడలేదు. రఘు గారు వాటి మధ్య నిలబడి ఉన్నాడు.

"దేదీప్యా, అవి తీసెయ్. ముందవి తీసెయ్!"

"మీరే ఎత్తండి," అన్నాను. "ఎత్తే మనిషిని మీరే పంపించేశారు."

ఏప్రన్ ఆ విస్తళ్ళ మీదే పడేశాను. మావాళ్ళందరూ పడేశారు. బయటికొచ్చి, మా కార్లలోనూ వాళ్ళ కార్లలోనూ కలిసి ఎక్కి, పోలీస్ స్టేషన్ వైపు బయల్దేరాం.