మూడో క్యూబ్

సోమవారం ఎంటెక్‌లో చేరాల్సిన హదస్సా, శుక్రవారం నుంచీ పద్మారావు నగర్ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. సీటొచ్చిన పిల్ల మొహంలో కళ లేదేమిటని తండ్రి లూకా రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

ఆ సీటు తెచ్చిపెట్టింది బీటెక్‌లో చేసిన రీసెర్చే. కొంత సిమెంటు తగ్గించి, బదులుగా ఊక బూడిద కలిపి మూడు కాంక్రీటు క్యూబులు పోసింది. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచి మిషన్ కింద పెడితే రెండు బాగా బరువు మోశాయి, మూడోది అందులో సగం కూడా మోయకుండా చప్పున పగిలింది. రిపోర్టులో మూడూ రాయాలి. మహాతల్లి రెండే రాసి, మూడోదాని అంచు ముందే విరిగిందని ఒక ముక్క చేర్చింది. అంచు నిక్షేపంగా ఉంది.

ఇప్పుడు కొత్త గైడు జ్ఞానశేఖర్ ఫోన్ చేసి, ఆ ఫలితం మీదే పని మొదలుపెడదాం, మరో ఇద్దరు విద్యార్థులకు కూడా అదే మిశ్రమం ఇస్తున్నా అన్నాడు. అప్పట్నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు. చెబితే సీటు పోతుందేమో. చెప్పకపోతే ఇంకో ఇద్దరి రెండేళ్లు మట్టిపాలు.

శనివారం పొద్దున్నే బోయిగూడకు నడిచింది. కాలేజీ ల్యాబులో ఆ మిషన్ నడిపిన తిరుమల్ ఉండేది అక్కడే. ఆ మూడో క్యూబ్ సంగతి అతను మరిచిపోయి ఉంటే బాగుండునని దారంతా కోరుకుంది, దాన్ని ప్రార్థన అనుకోవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

తిరుమల్ చాయ్ పోయించి, అంతా విని నవ్వాడు.

"గుడ్ ఫ్రైడేకు చర్చికి పోతా అని చెప్పి, క్యూబుల అచ్చులు నన్ను విప్పమన్నవు గదా బిడ్డా. విప్పుతుంటే నీవి రెండు పలిగినయ్. పరేషాన్ అయితవని బూడిద లేకుంట ఉత్త సిమెంటుతోని రెండు పోసి నీళ్లల్ల ఏసిన. మస్తు మందికి గట్లనే చేస్తా."

చావుకబురు చల్లగా చెప్పినట్టు, అదీ మేలు చేసినవాడి మొహంతో చెప్పాడు. హదస్సాకు ఏడుపొచ్చింది. తను దాచిన ఆ ఒక్కటే తనది.

తన పేరు జెర రానియ్యొద్దని తిరుమల్ బతిమాలాడు.

"రాసింది నేను గదన్నా," అంది.

గల్లీ చివర నిలబడి జ్ఞానశేఖర్‌కు ఫోన్ చేసింది. తన దగ్గర ఉన్నది ఒక్క క్యూబ్ ఫలితమేననీ, దాన్ని కావాలనే రాయలేదనీ చెప్పింది. ఆ క్యూబుకు ఎంతొచ్చింది అని అతను అడిగాడు.

ఎక్కడా రాసిపెట్టుకోని ఆ అంకె కోసం ఆమె తడుముకోలేదు.

"పదకొండు పాయింట్ రెండు, సర్."