అచ్చం అలాంటిదే ఇంకొకటి

టిఫిన్ డబ్బా కొనడానికి వచ్చినవాళ్లు డబ్బాల వంక చూస్తారు. మల్లీశ్వరి మాత్రం చేతిలో ఫోను చూసుకుంటూ నిలబడింది. వన్ టౌన్‌లోని ఆ స్టీలు సామాన్ల కొట్లో అప్పటికే పదహారు డబ్బాలు కౌంటరు మీదికి దిగాయి. గుండ్రటివి, పలకవి, రెండు గిన్నెల క్యారేజీలు, వేడి నిలిచేవి, మూత మీద బొమ్మలున్నవి. కొట్టు యజమాని రామకోటేశ్వరరావుకి ఓపిక ఎక్కువే గానీ, దానికీ ఒక హద్దుంటుంది కదా.

"పాపకా, బాబుకా అమ్మా? ఏ క్లాసో చెబితే నేనే తీసిస్తాను," అన్నాడు.

"పాపకేనండీ, మూడో తరగతి. కానీ సరిగ్గా ఇలాంటిదే కావాలండీ," అని ఫోను ఆయన ముందు పెట్టింది.

ఫొటోలో పలకగా ఉన్న స్టీలు డబ్బా. రెండు పక్కలా క్లిప్పులు, మూత చుట్టూ ఆకుపచ్చ రబ్బరు, లోపల కూరకు చిన్న అర. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు.

"ఇది పాత మోడలమ్మా. క్లిప్పు గట్టి, పిల్లల చేతికి ఊడి రాదు. పులుసు కూడా కారుతుంది. ఇంతకంటే మంచివి ఇన్ని పెట్టుకుని అదే కావాలంటారేంటి?"

ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ మల్లీశ్వరికి మంచిది అక్కర్లేదు. ఆ మాట బయటికి చెప్పుకునే వీలూ లేదు.

మల్లీశ్వరి పెడనలో చేనేత ఇంటి పిల్ల. హరిబాబుతో పదేళ్లు కాపురం ఈడ్చి, ఇక తన వల్ల కాదని బయటికొచ్చేసింది. వన్ టౌన్‌లోనే ఓ బట్టల హోల్‌సేల్ కొట్లో చీరలు మడతపెట్టే పనిలో చేరి, అక్కడికి దగ్గర్లో ఒక గది తీసుకుంది. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు. పెద్దమనుషులంటే మరెవరో కాదు, హరిబాబు మేనమామలూ వాళ్ల స్నేహితులూను. కూతురు సాయిశ్రీ తండ్రి దగ్గరే ఉండాలనీ, పిల్ల మనసు కుదుటపడేదాకా తల్లి కంటపడకూడదనీ తేల్చారు. కుదుటపడటమంటే తల్లిని మరిచిపోవటమేనని ఆమె అత్తగారు వెంకటరావమ్మ దాపరికం లేకుండా చెప్పేసింది కూడా. అంతమంది మగాళ్ల మధ్య మల్లీశ్వరి తల ఊపింది. అలా ఊపినందుకు తనను తాను తిట్టుకోని రోజు లేదు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు గవర్నర్‌పేటలో సాయిశ్రీ చదివే బడి నుంచి ఆయా సుబ్బరత్నం ఫోన్ చేసింది. పిల్లను దింపడానికి వెళ్లే రోజుల్లో పరిచయమైన మనిషి.

"అమ్మాయ్, నీ పిల్ల అన్నం ముట్టట్లేదే. డబ్బా తీస్తుంది, రెండు మెతుకులు కెలికి మూసేస్తుంది. ఏమ్మా అంటే, అమ్మ కలిపినట్టు లేదంటుంది. మెడ ఎముకలు తేలాయి."

ఇక మల్లీశ్వరికి పెద్దమనుషులూ గుర్తులేరు, ఒప్పందమూ గుర్తులేదు. మర్నాడు ముద్దపప్పు నెయ్యేసి కలిపి, దొండకాయ వేపుడు పక్కన పెట్టి, ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని భోజనాల గంటకు బడి గేటు దగ్గరికి పరిగెత్తింది. లోపలికి వెళ్లలేదు. డబ్బా సుబ్బరత్నం చేతికిచ్చి రోడ్డవతల నిలబడింది. పిల్ల మెతుకు మిగల్చలేదట. అలా నాలుగు రోజులు సాగింది. అయిదో రోజు క్లాసులో ఒక పిల్ల "సాయిశ్రీకి రెండు డబ్బాలు టీచర్" అని అరిచింది. ఆ పిల్లది వెంకటరావమ్మ వాళ్ల వీధే.

ఉపాయం సుబ్బరత్నమే చెప్పింది. అచ్చం ఇంటి డబ్బాలాంటిదే ఇంకొకటి కొనమంది. డబ్బాల బుట్ట తన చేతిలోనే ఉంటుంది గనక పొద్దున ఇంటిది తీసి దాచేస్తానంది, మధ్యాహ్నం ఇది పెట్టి, సాయంత్రం ఇంటిది ఖాళీ చేసి మళ్లీ మార్చేస్తానంది. ఎప్పుడైనా తారుమారైనా ఎవరికీ అనుమానం రాదు. ఫొటో కూడా తనే తీసి పంపింది.

రామకోటేశ్వరరావు అటక మీద చాలాసేపు వెతికి, దుమ్ముపట్టిన అట్టపెట్టెలోంచి ఒక డబ్బా దించాడు. అదే. ఆకుపచ్చ రబ్బరుతో సహా అదే. మల్లీశ్వరికి ఏడుపొచ్చినంత పనయింది. బ్యాగులో డబ్బులు వెతుక్కుంటోంది.

"పేరేంటమ్మా?" అన్నాడాయన.

బిల్లు కోసమనుకుంది. "మల్లీశ్వరండీ," అంది.

గుర్రుమని చప్పుడైంది. తలెత్తేసరికి ఆయన డబ్బా బోర్లించి, మిషనుతో అడుగున ముత్యాల్లాంటి అక్షరాలు చెక్కేస్తున్నాడు. మన వైపు స్టీలు సామాను పేరు లేకుండా కొట్టు దాటుతుందా? ఆయన నలభై ఏళ్లుగా చేస్తున్న పనే చేశాడు.

"అయ్యో, వద్దండీ!"

"ఉచితమేనమ్మా," అన్నాడు ఆయన నొచ్చుకుంటూ. ఆమె మొహం చూసి, "పోనీ రేపు రండి, పాలిష్ పట్టించి పోగొడతాను. మీ పేరు మీకు చేదా ఏంటి?" అన్నాడు.

ఆమె అక్షరాల మీద బొటనవేలు పెట్టింది. ఆ ఇంట్లో నాలుగు నెలలుగా తన పేరెత్తే మనిషి లేడు. మధ్యాహ్నం పూట అరగంట అది కూతురి ఒళ్లో ఉంటుంది. తెలివితక్కువ పని, ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలివి ఎంతసేపని కాపలా కాస్తుంది?

"ఉండనివ్వండి," అంది.

సుబ్బరత్నం నెత్తి కొట్టుకుంది. "ఒకేలాంటిది తెమ్మంటే పేరు చెక్కించుకొచ్చావా? నీకు బుద్ధుందా?" అని తిట్టింది. ఇది ఇంటికెళ్లకుండా కళ్లలో వత్తులేసుకుని చూడాల్సింది ఇప్పుడు ఆవిడే మరి. అయినా రెండోరోజు తనే ఫోన్ చేసి చెప్పింది. పిల్ల తినడం అవగానే డబ్బా బోర్లించి, మ-ల్లీ-శ్వ-రి అని వేలితో కూడబలుక్కుని చదివిందట. ఆ తర్వాత రోజూ అదే పనట. మల్లీశ్వరి చీరల మడతల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆ ఎనిమిది రోజులూ ఆమె మనిషిలా బతికింది.

తొమ్మిదో రోజు సాయంత్రం డబ్బా మార్చబోతే బుట్టలో పేరున్న డబ్బా లేదు. సాయిశ్రీ దాన్ని ముందే తన బ్యాగులో, పుస్తకాల అడుగున పెట్టేసుకుంది. అమ్మ పేరు ఇంటికి తీసుకెళ్దామనుకుంది పిచ్చిపిల్ల. సుబ్బరత్నం చూసుకునేసరికి ఆటో వెళ్లిపోయింది. ఆ సంగతి వెంటనే మల్లీశ్వరికి ఫోన్ చేసి చెప్పింది.

ఆ రాత్రి ఇంకే ఫోనూ రాలేదు. మల్లీశ్వరి ఎవరికి చేస్తుంది? ఏమని అడుగుతుంది? వెంకటరావమ్మ గిన్నెలు తానే తోముకునే మనిషి, ఒకరి తోముడు ఆవిడకు నచ్చదు. అడుగు కూడా తిప్పి తోముతుంది.

మర్నాడు సెలవు అడగకుండానే కొట్లోంచి వచ్చేసి, అన్నం ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది. గేటు దగ్గర ఎప్పుడూ ఉండే సుబ్బరత్నం లేదు. ఆవిడ బదులు వరండా మెట్టు మీద వెంకటరావమ్మ కూర్చుని, మనవరాలికి ముద్దలు కలిపి పెడుతోంది. పిల్ల నోరు తెరుస్తోంది, మింగుతోంది. మల్లీశ్వరి ఊచలు పట్టుకుని, "సాయీ," అని పిలిచింది.

వెంకటరావమ్మ కేకలు వేయలేదు. చెయ్యి కడుక్కుని, పిల్లను వెంటబెట్టుకుని గేటు దాకా వచ్చింది. "ఏం చెప్పాలో రాత్రి చెప్పాను కదా తల్లీ. చెప్పు," అంది మెల్లగా, పద్యం అప్పజెప్పించుకుంటున్నట్టు.

సాయిశ్రీ బూట్ల వంక చూస్తూ నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి. ఎంత ఏడ్చిందో, ఎన్నిసార్లు అనిపించారో.

"నాకు వద్దండీ. మా నానమ్మ పెడుతుందండీ. మీరు ఇంక రావద్దండీ."

అమ్మా అనలేదు, నువ్వు అనలేదు. తిట్టినా బాగుండేది. ఒళ్లో పెట్టుకుని మాటలు నేర్పిన పిల్ల, దారిన పోయే మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడింది. ఏదో అనాలి. నేనే తల్లీ అనాలి, అమ్మని అనాలి. నానమ్మ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల కదలకుండా జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"సరేనండీ," అంది మల్లీశ్వరి, కూతురితో.