ఉరుముల్లో పోయిన మాట

శనివారం వచ్చిందంటే శేషగిరికి బేసింగ్‌స్టోక్ ఇంట్లో కాలు నిలవదు. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు బుద్ధిగా కూర్చునే మనిషి, ఆవేళ మాత్రం ఫ్లాస్కులో టీ పోసుకుని, కారు మీద యాంటెన్నా బిగించి, వెనక సీట్లో వేటకుక్కను ఎక్కించుకుని, ఎక్కడ ఉరుముతుందా అని వెతుక్కుంటూ పోతాడు. గాలివానల వెంట పడటం, దారి పొడుగునా హామ్ రేడియోలో కబుర్లాడటం ఆయన వ్యసనాలు. పేకాట కన్నా నయం కదా అనేవాడు.

కుక్క పేరు రాణి. కొట్టిన పిట్టల్ని తేవాల్సింది పోయి, ఉరుముల గోలలో రేడియోకి అందకుండా పోయిన మాటల్ని పొలాల్లోంచి ఏరుకొస్తోందని విసుగెత్తి, ఓ వేటగాడు దాన్ని శేషగిరికి అంటగట్టి వదిలించుకున్నాడు. అది మాటను తెచ్చి అరచేతిలో పెడితే, తడితడిగా, అన్నవాళ్ళ గొంతుతోనే వినపడేది. రేడియో క్లబ్బు వాళ్ళు దానికో బిస్కెట్ పడేసి తమ పని చూసుకునేవారు. శేషగిరి భార్య హైమ మాత్రం, "కార్పెట్ మీదకి రాకే" అంటూ దాని మూతి తుడిచేది.

మొగుడు ఇంటిపట్టున ఎలాగూ ఉండడు, రేడియోలోనైనా దొరుకుతాడని హైమ కూడా పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది.

2003 వేసవిలో ఓ సాయంత్రం, శేషగిరి యాండోవర్ ఊరు దాటి ఒక గుట్ట పక్కన కారాపి ఉండగా ఆవిడ ఇంటి నుంచి రేడియోలో పిలిచింది. బరబర తప్ప ఒక్క ముక్క అందలేదు. రేడియో వాళ్ళకో పాడు అలవాటుంది. వినపడినా వినపడకపోయినా మర్యాదకి "ఫైవ్ నైన్" అనేస్తారు, అంటే స్పష్టంగా అందిందని. శేషగిరీ అదే అన్నాడు.

"ఫైవ్ నైన్, హైమా. కానీయ్."

రాణి అప్పటికే పొలంలోకి దూకింది. మబ్బు తూర్పుకి జారిపోతోందని, ఈల వేసి దాన్ని వెనక్కి పిలిచేశాడు.

నెల తిరక్కుండా హైమ, తూర్పున డెబ్బై మైళ్ళ అవతలున్న స్టీవెనేజ్‌లో ఉద్యోగానికి, అక్కడే ఉండిపోయేలా సామాను సర్దుకుని బయల్దేరింది. "నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అని ఎగిరిపడ్డాడు శేషగిరి.

"రేడియోలో చెప్పానుగా. కానీయ్ అన్నారుగా."

వినకుండానే విన్నానన్నానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. పరువు అడ్డొచ్చింది. ఏం పరువో, దాన్ని పక్కన పెట్టుకుని నాలుగేళ్ళు ఒక్కడే వండుకు తిన్నాడు. స్టీవెనేజ్‌లో ఆవిడ ఏ వీధిలో ఉంటుందో కూడా ఎప్పుడూ అడగలేదు.

2007లో హైమ ఫోన్ చేసింది. కంపెనీ తనని ఆస్ట్రేలియా పంపిస్తోందని, వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారమే ప్రయాణమని చెప్పింది. "మంచిది" అన్నాడు. ఆ వారం శనివారం, నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అదే గుట్ట మీద మబ్బు పడితే శేషగిరి అక్కడ కారాపాడు. కీళ్ళు పట్టేసిన రాణి ఎలాగో కారు దిగి, పొలంలోకి పోయి, చాలాసేపటికి తిరిగొచ్చి ఆయన చేతిలో ఆనాటి మాట పెట్టింది.

"ఏవండీ, స్టీవెనేజ్‌లో ఉద్యోగం వచ్చింది. నాకు వెళ్ళాలని లేదు. వద్దనండి. ఒక్కసారి వద్దనండి, చాలు."

శేషగిరికి ఏడుపు ఆగలేదు. ఆవిడ అడిగింది ఒక్క మాట, అదీ ఇవ్వలేకపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మైకు అందుకుని, పాత ఫ్రీక్వెన్సీలోనే గొంతు చించుకున్నాడు.

"హైమా, ఆవేళ నాకేం వినపడలేదు. అబద్ధమాడాను. వెళ్ళొద్దు!"

సరిగ్గా అప్పుడే పిడుగు పడింది. మాట పొలంలో ఎక్కడో రాలిపోయింది. రాణి వెళ్ళి దాన్ని నోట కరుచుకుంది కానీ, ఆయన దగ్గరికి రాలేదు. కుంటుకుంటూ తూర్పు దారి పట్టింది. ఈల పెదాల దాకా వచ్చింది. శేషగిరి ఈసారి వెయ్యలేదు.

శుక్రవారం ఫోన్ మోగింది.

"రాణి మా గుమ్మంలోకి వచ్చిందండీ," అంది హైమ. "అరికాళ్ళన్నీ పుళ్ళే. నా చేతిలో మాట పెట్టి పడుకుంది. ఇక లేవలేదు."

శేషగిరి వెక్కి వెక్కి ఏడ్చాడు. "మాట అందిందా?" అన్నాడు చివరికి.

"ఫైవ్ నైన్ అని చెప్పలేను. ఇంత దూరం వచ్చేసరికి సగం అరిగిపోయింది. ఆదివారం వెళ్ళట్లేదు. మిగతా సగం వచ్చి చెప్పండి. అడ్రసు రాసుకోండి."

శేషగిరి పెన్ను తీశాడు. ఏడుపులో వీధి పేరు సరిగ్గా అందలేదు.

"వినపడలేదు హైమా," అన్నాడు. "మళ్ళీ చెప్పు."