కుంభకర్ణ మునెయ్య నిద్ర

ఉదయగిరిలో ఎవరైనా నెల్లూరు పోయే మొదటి బస్సు ఎక్కాలంటే, ముందురోజు సాయంత్రమే మునెయ్య చెవిన ఒక మాట వేసి నిశ్చింతగా పడుకునేవాళ్ళు. కోడి కూయడం మరిచినా మునెయ్య తలుపు తట్టడం మరిచేవాడు కాదు. లేపాల్సినవాళ్ళను లేపి, కొండకు పోయి కట్టె కొట్టి, మోసుకొచ్చి గరిటెలు చెక్కే సాయిబుల అరుగు మీద పడేసి, వాళ్ళు పోసిన టీ తాగి మళ్ళీ కొండదారి పట్టేవాడు. మామూలు మనిషికి పగలొక్కటి మోయడమే కష్టం. మునెయ్యకు రాత్రి కూడా పగలే. యాభై ఏళ్ళకే నూరేళ్ళ అలసట మీద పడిందంటే పడదా మరి.

ఆయన నిద్ర సినిమాలో ఉండిపోయింది. ఫలానావాళ్ళ బావిలో నీళ్ళు ఉప్పన అని తెలిసినంత మామూలుగా ఈ సంగతి ఊరందరికీ తెలుసు.

మునెయ్య పుట్టింది ఆత్మకూరు చెరువు కింద యానాదుల గుడిసెల్లో. యుద్ధం రోజుల్లో చేపలూ కూలీ నమ్ముకుని బతకలేక మద్రాసు పోయి, ఒక స్టూడియోలో బల్లలు మోసే పనిలో చేరాడు. ఒక మధ్యాహ్నం అట్టతో చేసిన రాజుగారి స్తంభం పడిపోకుండా పట్టుకోమంటే, పట్టుకుని నిలబడే నిద్రపోయాడు. డైరెక్టరు చూసి పగలబడి నవ్వాడు. లేపొద్దు, కెమెరా ఇటు తిప్పండి అన్నాడు. కుండ అడుగులాంటి నల్లటి ముఖంలో ఆ తెల్లటి కళ్ళు సగం తెరుచుకుని మళ్ళీ మూతపడుతుంటే జనం పొట్టలు పట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే గోడల మీద బొమ్మలు పడ్డాయి, ‘కుంభకర్ణ మునెయ్య’ అని. అంతకుముందు యానాదుల పేర్లు ఎక్కడైనా ఎక్కాయంటే పోలీసు స్టేషను పుస్తకంలోనే ఎక్కేవి.

ఎన్ని సినిమాలైనా వేషం ఒకటే. యజమాని పని చెప్తాడు, మునెయ్య నిద్రపోతాడు, యజమాని తంతాడు, మునెయ్య కళ్ళు మిటకరించి మళ్ళీ నిద్రపోతాడు. నటించేది లేదు. పరుపు వేస్తే పరుపు మీద, గోడ చూపిస్తే గోడకు ఆనుకుని నిజంగానే నిద్రపోయేవాడు, ఆ నిద్ర కాస్తా రీలులోకి వెళ్ళిపోయేది. తోడినకొద్దీ ఊరడానికి నిద్రేమన్నా బావి నీళ్ళా? ఒకరోజు దీపాలు వెలిగించి, అందరూ మునివేళ్ళ మీద నడుస్తూ సాయంత్రందాకా కాచుకున్నా ఆయనకు కన్ను మూతపడలేదు. నిద్ర అయిపోయినవాడికి సినిమాలో పనేముంది? మూట కట్టుకుని రైలెక్కాడు. గుడారం సినిమాలు రాని ఊరని ఉదయగిరి ఎంచుకున్నాడు.

ఆ సినిమాలు మాత్రం ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. తెర మీద మునెయ్య కన్ను మూతపడగానే కింద ఇసకలో కూర్చున్న జనమంతా ఎక్కడివాళ్ళక్కడ నిద్రపోయేవాళ్ళు. యజమాని తన్ని లేపితే లేచి నవ్వి, ఆయన కన్ను వాలగానే మళ్ళీ నిద్రపోయేవాళ్ళు. మిషను తిప్పేవాడు మాత్రం పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ రీళ్ళు మార్చేవాడు. నాట్లేసి నడుము విరిగిన కూలోళ్ళు ఆ నిద్ర కోసమే టిక్కెట్టు కొనేవాళ్ళు. ఏడుపు మానని చంటిబిడ్డలను తల్లులు తెచ్చి పడుకోబెట్టుకునేవాళ్ళు. మునెయ్య కూడా ఒకసారి కావలి ఊరికి ఆశగా పోయి గుడారంలో కూర్చున్నాడు. గుడారమంతా గురకలు పెడుతుంటే తానొక్కడే మేలుకుని, తెర మీద హాయిగా పడుకున్న తనని చూసి వచ్చాడు.

ఆయనకు ఇంక మిగిలింది ఒక్క ఆశ. రీలు అరిగి అరిగి, తునకలై, ఎందుకూ పనికిరాకుండా పోతే అందులోని నిద్ర సొంతదారు దగ్గరికి తిరిగొస్తుంది. ఒక సినిమా అలా బెజవాడలో చచ్చిపోయినప్పుడు మునెయ్య కొండ మీదే కట్టెల మోపు పక్కన మూడు రోజులు పడి నిద్రపోయాడు. అదే తెనాలిలో ఒక రీలు నిప్పంటుకుని కాలిపోతే ఏమీ రాలేదు, గాలిపాలైంది. ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క సినిమా, ఒకే ఒక్క కాపీ. అందులో మునెయ్య కళ్ళం కావలివాడు. ధాన్యం రాశి పక్కన నిద్రపోతాడు, దొంగలొచ్చి ఆయన తలకింద మూటతో సహా ధాన్యమంతా ఎత్తుకుపోతారు. అది కూడా అతుకులమయమై ఉంది, ఇంకొక ఏడాది ఆడితే గొప్ప అని గుడారం యజమాని పెంచలనరసయ్య కబురంపాడు. ఆ ఏడాది ఎప్పుడు గడుస్తుందా అని మునెయ్య కాచుకుని ఉన్నాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన తర్వాతి మాఘమాసంలో, ఆయన అక్క కొడుకు పోలేరయ్య ఆత్మకూరు నుంచి బస్సు దిగాడు. ఎనిమిదో తరగతి దాకా చదివి, యానాదుల సంఘం పెట్టిన కుర్రవాడు. దుమ్ము కాళ్ళతో వచ్చి కట్టెల మోపు పక్కన కూర్చున్నాడు.

“మామా, నీ సినిమా మళ్ళీ ఆత్మకూరుకి వస్తా ఉండాది. కోతల్లోనే.”

“రానీరా. రానీ, అరగనీ.”

“చెంచురామయ్య కళ్ళాల కావలి మనకీయనంటా ఉండాడు. పోయినసారి ఆ సినిమా చూసినాకే కదా కొండాపురం నుంచి వేరేవాళ్ళను తెచ్చి పెట్టుకున్నాడు. ఈసారి గుడిసెలు గూడా లేపెయ్యమంటా ఉండాడు. కావలి కోసమే కదా మనల్ని చెరువు కింద ఉండనిచ్చింది. కావలి లేకపోతే మనమెందుకంట.”

చెంచురామయ్య చెరువు కింద సగం పొలానికి ఆసామి. ఆయన మాటే ఊరిమాట.

మునెయ్య కట్టెకు అంటిన చీమలను దులిపాడు.

“దారిలో నిలబడితే గూడా ‘ఏరా కుంభకర్ణా’ అంటారు మామా. నువ్వు తన్నులు తింటా ఉంటే ఊరంతా నవ్వింది.”

“నవ్వింది. అంతకుముందు తన్నేటప్పుడు చూసేవాడు గూడా లేడురా,” అన్నాడు మునెయ్య. “నాకు పరుపేసినారు. మీ తాత ఏనాడన్నా పరుపు మీద పడుకున్నాడా? పడుకోమన్నారు, పడుకున్నా. నిలబడే వేషం ఈయండయ్యా అని అడిగినా. నీకు నిలబడే వేషమేందిరా అన్నారు.”

పోలేరయ్య కాళ్ళ దుమ్ము దులుపుకుని దగ్గరికి జరిగాడు.

“ఆ రీలు కాల్చెయ్యాల మామా. నువ్వే, నీ చేత్తో, అందరి ముందర. నీ నిద్ర పోతాది. తెలుసు. తెలిసే వచ్చినా.”

మునెయ్యకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. ఒక్క ఏడాది. ఒక్క ఏడాది ఓర్చుకుంటే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాడు. ఆ నిద్రను రోజూ తలుచుకుని, ఇలా పడుకుంటాను, ఇటు తిరుగుతాను అని కొండదారిలో లెక్కలేసుకునేవాడు. పోలేరయ్య ముఖంలోకి చూస్తే ఇవేవీ చెప్పాలనిపించలేదు.

“బస్సెప్పుడు?” అన్నాడు.

ఆత్మకూరులో అక్క ఓబులమ్మ ఒప్పుకోలేదు. తమ్ముణ్ణి చూసిన సంతోషం కూడా పక్కనపెట్టి కొడుకు మీద విరుచుకుపడింది.

“కాల్చేస్తే మేం యాడ పడుకోవాలరా? ఏడాదికొక్కసారి ఆ సినిమా వస్తేనే నా నడుం వాలేది. వాడి నిద్ర మీదా నీ పెత్తనం?”

“గుడిసే లేకపోతే నడుం యాడ వాలుస్తావమ్మా?” అన్నాడు పోలేరయ్య.

ఓబులమ్మ తమ్ముడి ముందు సంగటి ముద్ద పెట్టి, విసనకర్ర తీసుకుని విసురుతూ కూర్చుంది.

మరునాడు పొద్దెక్కాక గుడారం ముందు జనం చేరారు. పెంచలనరసయ్య రేకు డబ్బా పట్టుకుని ఇయ్యనా మాననా అని ఊగాడు.

“కంపెనీవోళ్ళకి ఏం చెప్పాలయ్యా నేను?”

“కాలిపోయిందని చెప్పు నరసయ్యా. రీళ్ళు కాలడం కొత్తా?” అన్నాడు మునెయ్య. “అయినా అది నాది గదా.”

పెంచలనరసయ్య ఆలోచించి డబ్బా కింద పెట్టాడు. మునెయ్య రీలు బయటికి తీసి, ఒక ముక్కను ఎండకు ఎత్తి చూశాడు. ధాన్యం రాశి పక్కన మూట తలకింద పెట్టుకుని వేలెడంత మునెయ్య, ఒకరి కింద ఒకరు, వరసగా నిద్రపోతున్నారు. వాళ్ళను చూస్తే ఈర్ష్య కలిగింది. అగ్గిపుల్ల గీశాడు.

పాత రీలు, భగ్గుమంది. పచ్చటి పొగ లేచి, పడమటి గాలికి ఊరిమీదుగా చెరువు కింద కళ్ళాల దాకా పరుచుకుంది. సంఘానికి జై అనబోయిన పోలేరయ్య ‘సంఘా’ దగ్గరే ఆగి, పక్కవాడి భుజం మీదికి ఒరిగిపోయాడు. పెంచలనరసయ్య డబ్బా మీదే వాలాడు. సగం గడ్డం గీయించుకున్నవాడూ, గీస్తున్న మంగలీ ఒకరికొకరు ఆనుకుని నిద్రపోయారు. నెల్లూరు బస్సు డ్రైవరు బుద్ధిమంతుడు గనక బస్సును వేపచెట్టు కింద ఆపి మరీ పడుకున్నాడు. ఆత్మకూరు మొత్తం నిద్రపోయింది, ఒక్క మునెయ్య తప్ప.

గొడ్లకు సినిమా సంగతి తెలియదు, వాటికి నిద్ర రాలేదు. దాంతో మునెయ్యకు పని పడింది. కాలుతున్న తునక ఒకటి గడ్డివాములో పడితే ఇసక పోసి ఆర్పాడు. ఇంటింటికీ పోయి పొయ్యిల మీది కుండలు దించాడు. చెరువు తూము తెరిచినవాడు తెరిచినట్టే గట్టు మీద పడి ఉంటే, దాన్ని మూశాడు. కళ్ళాల దగ్గర వరి నూర్చడానికి బంతి తొక్కే ఎద్దులు తోలేవాడు లేకపోయినా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని విప్పి నీళ్ళు పెట్టాడు. రాశుల మీదికి ఎగబడే మేకలను తోలి తోలి మోకాళ్ళు పట్టేశాయి. చెంచురామయ్య తన కొత్త కావలివాళ్ళతో పాటు రాశి పక్కనే నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. ఆయన ముఖం మీద ఎండ పడుతుంటే మునెయ్య ఒక గోనెపట్టా అడ్డం కట్టాడు.

పొద్దు వాలేవేళకు, పొగంతా పోయాక, కొండాపురం దారిన ఒక ఎద్దులబండి వచ్చింది. బండిలో ముగ్గురు. పడుకున్న ఊరినీ, పోసి ఉన్న ధాన్యాన్నీ చూసి బండి ఆపారు. రాశి పక్కన నిలబడ్డ మనిషిని గుర్తుపట్టి ఒకడు నవ్వాడు.

“నువ్వు సినిమాలో నిద్రమొద్దువి గదరా?”

“అవును.”

“మరి పడుకో పో.”

“పడుకోవాలనే ఉండాది. మీరు పోతే చూస్తా.”

గోనెసంచి విప్పినవాడు ఆ కళ్ళలోకి చూశాడు. ఏళ్ళ తరబడి రెప్ప వాలని కళ్ళు అవి. ఎర్రగా, ఎండిపోయి, కోపం లేకుండా చూస్తున్నాయి. వాడు సంచి మడిచి బండెక్కాడు. మిగతా ఇద్దరూ ఎద్దులను మళ్ళించారు. చీకటి పడ్డాక కూడా మునెయ్య కళ్ళాల మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

తెల్లారి ఊరు లేచింది. ఎన్నేళ్ళుగానో పేరుకున్న బడలిక తీరి, అందరి ముఖాలూ కడిగినట్టున్నాయి. చెంచురామయ్య లేచీ లేవగానే రాశి దగ్గరికి పరుగెత్తాడు. గింజ తీస్తే తెలిసిపోయేట్టు రాశి మీద చుట్టూ బూడిదతో ముద్రలు వేయడం అక్కడి పద్ధతి. ఆయన రాశి చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క ముద్రా చెదరలేదు. పక్క కళ్ళాల్లోనూ అంతే. దారిలో బండి వచ్చి మళ్ళిన చక్రాల జాడ మాత్రం ఉంది.

“నువ్వు మీవాళ్ళ మాదిరి కాదురా మునిగా,” అన్నాడు. “కావలి నీకిస్తా, ఉండిపో.”

“నేనూ మావాళ్ళ మాదిరేనయ్యా. మావాళ్ళెవురూ కావలిలో నిద్రపోలా. పడుకోమని సినిమావోళ్ళు చెప్తే నేను పడుకున్నా, అంతే. కావలి వీళ్ళకీయండి. నాకు ఓపిక లేదు.”

చెంచురామయ్య బూడిద ముద్రలను ఇంకోసారి చూశాడు. ఎదురు చెప్పడం అలవాటు లేని మనిషి ఎదుట నిలబడి చెప్పినందుకు కోప్పడాలో, ఊరుకోవాలో తేల్చుకోలేకపోయాడు. గోనెపట్టా మడిచి చంకన పెట్టుకున్నాడు.

“సరే. మీవాళ్ళే కాయండి. గుడిసెలు ఉండనీండి,” అని పోయాడు.

గుడిసెల్లో ఆ పూట సందడిగా ఉంది. పోలేరయ్య మాత్రం మామ ముఖంలోకి చూడలేకపోయాడు. ఓబులమ్మ చాప వేసింది. మునెయ్య కూలబడ్డాడు. పోలేరయ్య గుంజకు ఆనుకుని నిలబడి అడిగాడు.

“మామా, అందరికీ వచ్చింది గదా. నీకేమన్నా… కొంచెమన్నా వచ్చిందా?”

మునెయ్య తలెత్తాడు. రోజంతా నిద్రపోయి లేచిన కుర్రవాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లేదు అని చెప్తే ఈ పిల్లవాడు దాన్ని బతికినంతకాలం మోస్తాడు, వీడికీ ఇక నిద్ర ఉండదు అని ఆయనకు అర్థమైంది. ఒక ఇంట్లో ఒకరు చాలు.

“వస్తా ఉన్నట్టే ఉండాదిరా,” అన్నాడు. “కళ్ళు బరువుగా ఉండాయి.”

చాప మీద వాలి పక్కకు తిరిగాడు. ఊరంతా ఎలా నిద్రపోయిందో దగ్గరుండి చూసినవాడు. ముందు వేళ్ళు వదులవుతాయి. తర్వాత దవడ జారుతుంది. ఊపిరి పొడుగవుతుంది, మధ్యలో ఒకసారి తట్టుకుని మళ్ళీ సాగుతుంది. ఒక్కొక్కటే చేశాడు. చిన్నగా గురక తీశాడు.

“మామ పడుకున్నాడమ్మా,” అన్నాడు పోలేరయ్య గుసగుసగా. ఆ గొంతు ఏడుపు తీరి తేలికపడింది. కోళ్ళను అవతలికి తోలాడు. కర్ర తీసుకుని, చప్పుడు కాకుండా కళ్ళాల వైపు వెళ్ళిపోయాడు.

అడుగుల చప్పుడు చెరువుగట్టు దాటిందాకా మునెయ్య విన్నాడు. ఓబులమ్మ తమ్ముడికి విసురుతూనే ఉంది. అందుకని ఆయన కళ్ళు తెరవలేదు.