దిగులు కుర్చీ

నేను ఒక ఇనుప మడత కుర్చీని. పుట్టింది అనకాపల్లి బయట ఒక రేకుల షెడ్డులో. గొట్టాలు వంచినవాడు ఒకడు, వెల్డింగు చేసినవాడు ఇంకొకడు, ఆకుపచ్చ రంగు పూసినవాడు మూడోవాడు. ఆ మూడోవాడికి అప్పటికే ఆకలేస్తున్నట్టుంది, నా వెనక కాళ్లకు ఒకే పూత వేసి భోజనానికి వెళ్లిపోయాడు. అందుకే నాకు తుప్పు వెనకనుంచి పట్టింది.

వయసులో ఉండగా టెంట్‌హౌస్‌లో పనిచేశాను. పెళ్లిళ్లు, పెద్దకర్మలు, ఎన్నికల మీటింగులు అన్నీ చూశాను. నా మీద కూర్చున్నవాళ్లకంటే చేతిరుమాలు వేసి "ఇక్కడ మనిషున్నాడండీ" అని దబాయించినవాళ్లే ఎక్కువ. ఆ కొలువులో నేను కనిపెట్టింది ఒకటుంది. మనిషి కూర్చున్న చోట ఉండడు. పెళ్లి పందిట్లో కూర్చుని ఇంటికి తాళం వేశానా లేదా అని ఆలోచిస్తాడు. ఇంటికెళ్లి పడుకున్నాక, పెళ్లిలో తనను సరిగ్గా పలకరించని బావమరిదిని తలచుకుంటాడు. ఒళ్లొక చోట, మనసొక చోట. మాకా బాధ లేదు. ఎక్కడ వేస్తే అక్కడే ఉంటాం.

ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక టెంట్‌హౌస్ ఆయన మమ్మల్ని వదిలించుకున్నాడు. నన్ను ఆదిలక్ష్మి అనే ఆవిడ తీసుకెళ్లింది. ఆమె భర్త పోలినాయుడు ఆర్టీసీ డ్రైవరు, పాడేరు ఘాట్ రోడ్డు మీద బస్సు నడుపుతాడు. ఇంట్లో వాళ్ల చిన్న కూతురు, అతని తల్లి పైడమ్మ కూడా ఉంటారు. ఊరు ఘాట్ కిందే. నన్ను పెరట్లో, బట్టలుతికే బండ పక్కన వేశారు. ఆదిలక్ష్మి నా మీద బిందెలు బోర్లించేది. టెంట్‌హౌస్‌తో పోలిస్తే అది పింఛను పుచ్చుకున్న బతుకే.

అలా ఉండగా ఒక వానాకాలం పోలినాయుడి బస్సుకు మలుపులో లారీ ఎదురైంది. లారీ తన దారి తప్పి మీదికొచ్చేసింది. ఇతను స్టీరింగు పక్కకు కోశాడు. బస్సు ముందు చక్రం లోయ అంచున ఆగింది. ఒక్కరికి గీత కూడా పడలేదు. ఊళ్లోవాళ్లు అతన్ని మెచ్చుకున్నారు, డిపోలో శాలువా కప్పారు. శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చిన మనిషి మాత్రం ఆ రోజునుంచి సరిగ్గా అన్నం తినలేదు. కంచం ముందు కూర్చుంటే ఆ చక్రం, స్నానం చేస్తుంటే ఆ చక్రం. డ్యూటీకి వెళ్లి స్టీరింగు పట్టుకుంటే అరచేతులు చెమటతో జారిపోయేవి. ఒకరోజు ఘాట్ మొదట్లోనే బస్సు ఆపేసి, ఇక నావల్ల కాదని దిగిపోయాడు. డిపోవాళ్లు అతన్ని గ్యారేజీలో బస్సులు కడిగే పనిలో వేశారు. మళ్లీ బండి ఇవ్వాలంటే పెద్ద సారును పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కి దిగి చూపించాలన్నారు. నెగ్గితే డ్రైవరు, లేకపోతే ఉన్నన్నాళ్లూ గ్యారేజీ. పనిలో చిన్నా పెద్దా లేదని అందరూ అంటారు గానీ, ఇరవైల్లోనే స్టీరింగు పట్టినవాడికి చేతిలో నీళ్ల గొట్టం పెడితే ఎలా ఉంటుందో పోలినాయుడి మొహం చూస్తే తెలిసేది.

"దాని గురించి ఆలోచించకు" అని ప్రతివాడూ సలహా ఇచ్చాడు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని చెప్పినట్టే అయింది. కోతి దిగనంది.

ఆదిలక్ష్మి అతన్ని విశాఖపట్నంలో మైథిలి అనే మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడికి నేను వెళ్లలేదు. ఇంటికి వచ్చాక భార్యాభర్తలు పెరట్లో పైడమ్మకు చెబుతుంటే విన్నాను. మేడమ్ ఏమందంటే, దిగులును తరిమితే మళ్లీ వస్తుంది, దానికొక వేళ, ఒక చోటు ఇవ్వాలి. రోజూ సాయంత్రం ఒకే కుర్చీలో అరగంట కూర్చుని మనసారా దిగులుపడాలి. మిగతా వేళల్లో అది వస్తే, "ఇప్పుడు కాదు, సాయంత్రం రా" అని పంపెయ్యాలి. ఆ కుర్చీలో తినకూడదు, టీవీ చూడకూడదు. కొన్నాళ్లకు మనసు అలవాటు పడి, ఆ కుర్చీ దగ్గరే దిగులుపడటం, మిగతా చోట్ల ఊపిరి పీల్చుకోవడం నేర్చుకుంటుందట. ఇంకొకటి కూడా చెప్పింది. తలపు ఎక్కడ ఆగిపోతోందో చూసుకుని, అక్కడినుంచి ముందుకు నడవమంది. ఈ రెండో మాట పోలినాయుడు చెప్పాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు, అతనితో సహా. అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి.

నా మీది బిందెలు దించారు. ఉన్నట్టుండి నాకు కొలువు దొరికింది.

మొదట్లో అతనికి కూర్చోవడం చేతకాలేదు. దిగులుపడమని వేళ ఇస్తే అది రాదు. వచ్చినా మొదలుపెట్టేసరికి కాకి అరిచేది, ఎవరో పిలిచేవారు. కానీ మెల్లగా పని జరిగింది. గ్యారేజీలో చక్రం గుర్తొస్తే "సాయంత్రం" అని గొణుక్కోవడం అలవాటైంది. అన్నం ముద్ద దిగడం మొదలైంది. ఆదిలక్ష్మి మొహంలో వెలుగు నేను చూశాను.

అక్కడే పైడమ్మకు అనుమానం వచ్చింది. కొడుకు తేలికపడుతున్నాడంటే, ఆ బరువు ఎక్కడికి పోతున్నట్టు? దిష్టి తీస్తే ఉప్పులోకి పోతుంది, నిమ్మకాయలోకి పోతుంది. ఇది కుర్చీలోకే పోతూ ఉండాలి. ఆమె లెక్కలో తప్పేం లేదు, మొదటి మెట్టు ఒక్కటే తప్పు. మర్నాటికల్లా నా వీపుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. మనవరాలు నన్ను ముట్టుకుంటే కేకలేసి కాళ్లు కడిగించింది.

ఈ సంగతి గోడ దాటింది. పక్కింటి బంగారమ్మ, మొగుడితో పడలేక నలిగిపోతున్న మనిషి, ఒకరోజు వచ్చి, "పిన్నీ, కాసేపు కూకుంటాను, నా గుండెల్లోది కూడా దీన్లో దించీస్తాను" అంది. కూర్చుంది, ఏడ్చింది, తేలికపడి వెళ్లింది. తరవాత ఆమె చెల్లెలొచ్చింది. ఆ తరవాత చీటీల గొడవ ఉన్న ఒకాయన వచ్చాడు. పోలినాయుడు డ్యూటీ దిగి వచ్చేసరికి నా మీద ఎవరో ఒకరుండేవారు. అతను బండ మీద కూర్చుని వంతు కోసం చూసేవాడు. వాళ్ల గొడవలు వింటూ తన దిగులు మరిచిపోయిన రోజులు కూడా ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు కొంచెం పొగరెక్కింది. నాలో ఏదో మహిమ ఉందేమోనని నేనూ అనుకున్నాను. నలుగురూ అంటుంటే ఇనుముకైనా తలకెక్కుతుంది.

పరీక్ష రేపనగా పైడమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. కుర్చీ నిండిపోయింది. ఊరందరి దిగులూ దీన్లో ఉంది. ఇది ఇంట్లో ఉండగా కొడుకు ఘాట్ ఎక్కకూడదు. మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నాకు పసుపు కుంకుమలు పూసి, మడిచి నెత్తిన పెట్టుకుని, మూడు రోడ్లు కలిసే చోటికి తెచ్చింది. దిష్టి తీసినవి పారేసేది అక్కడే. ఘాట్ రోడ్డు మొదలయ్యేది కూడా అక్కడే. నన్ను బస్టాపు పక్కన పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు నన్ను చూసి ఒక్కొక్కరే దూరం జరిగారు.

సాయంత్రం పోలినాయుడు మోటారుసైకిలు మీద వచ్చాడు. మొహం నల్లబడి ఉంది. ఇల్లంతా వెతికి, తల్లిని అడిగి వచ్చినట్టున్నాడు. నన్ను చూశాక బండి ఆపి, అందరూ చూస్తుండగానే నన్ను విప్పి, కుంకుమ తుడవకుండా కూర్చున్నాడు. అతని అరచేతుల చెమటకు నా రెండు పక్కల గొట్టాలూ తడిసిపోయాయి.

అతని వెనకే పైడమ్మ రొప్పుతూ వచ్చింది.

"ఓరి నాయినా, లెగు. దాని మీద కూకోకు. తీసిన దిష్టి మళ్లీ ఎత్తుకుంతావేటి?"

"నానెక్కడ కూకోవాలమ్మా? రేపు ఘాట్ ఎక్కాల. దీన్ని కూడా నువ్వు పారీసినావు. ఇప్పుడది ఎప్పుడు పడితే అప్పుడు వస్తది."

"ఏటొస్తది?"

"సక్రం."

పైడమ్మ రోడ్డు పక్కనే మట్టిలో చతికిలబడింది. అన్ని నిమ్మకాయలు కట్టిన మనిషి, ఇన్నాళ్లలో కొడుకును ఈ ఒక్క మాటా అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"సెప్పు నాయినా. ఏటి కనబడతది?"

"లారీ కనబడతది. నాను కోస్తాను. సక్రం అంచు మీద ఆగిపోద్ది. ముందు సీట్లో సంటిపిల్లని ఎత్తుకున్న ఆడమనిషి అద్దంలోంచి నా కేసి సూస్తది. అంతే."

"అంతేనేటి? తరవాత?"

"తరవాతేటి, అక్కడే ఆగిపోద్ది."

"ఆగిపోడానికి అదేం సినిమా ఏటి? తరవాతేటయ్యింది? బస్సులో జనం ఏటైపోనారు?"

ఆ తరవాతి సంగతి పోలినాయుడికి తెలియక కాదు. తన తలపు ఎప్పుడూ ఆ అంచు దాకా వెళ్లి అక్కడినుంచే వెనక్కి వచ్చేసేది.

"హేండ్ బ్రేకేసినాను" అన్నాడు మెల్లగా. "ఎవులూ కదలొద్దన్నాను. వెనక తలుపులోంచి ఒక్కొక్కర్నీ దింపీసినాను. ఆ ఆడమనిషి దిగేముందు పిల్లని నా చేతికిచ్చి, చెప్పులేసుకుని, మళ్లీ తీసుకుంది. లారీ డ్రైవరు నా కాళ్ల మీద పడి ఏడ్చినాడు. తాడు కట్టి ఎనక్కి లాగినాం."

"లాగినప్పుడు స్టీరింగు మీద ఎవులున్నారు?"

"నానే."

"పాడేరుకి ఎవులు తీసుకెళ్లినారు?"

"నానేనే అమ్మా. అందర్నీ ఎక్కించుకుని ఎల్లినాను. ఇంకా పైకి బోల్డు మలుపులున్నాయి. అన్నీ తిప్పినాను." ఘాట్ వైపు చెయ్యి చూపించాడు. "స్టాండులో దింపీసినాను. అందరూ ఇళ్లకెల్లిపోనారు."

ఇద్దరూ ఏడ్చారు. బస్టాపులో జనం దిష్టి తగులుతుందని ఇంకొంచెం దూరం జరిగారు. నా పొగరు అక్కడితో దిగిపోయింది. ఇన్నాళ్లూ అతను నాలోకి దించిందేమీ లేదు. నేను ఇనుము. చోటు చూపించాను, అంతే. ముందుకు నడవమని మేడమ్ చెప్పింది, తరవాతేమైందని తల్లి అడిగింది, నడిచింది మాత్రం అతనే. పైడమ్మ ఈ మాట ఒప్పుకోదనుకోండి. "సూసినావా, మూడు దార్లలో పారీసేక గానీ ఒగ్గలేదు" అని లేచి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నన్ను వాళ్లు తీసుకెళ్లలేదు. పోలినాయుడు తల్లిని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం మంచులో ఒక బస్సు నా ముందునుంచి ఘాట్ ఎక్కింది. స్టీరింగు మీద అతను, పక్కన తెల్లచొక్కా సారు. లోపల ఇంకెవరూ లేరు. నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. అతను రోడ్డును చూస్తున్నాడు. ఆ బస్సు కొండ మీద ఉన్నంతసేపూ నాకు భయం వేసింది. కుర్చీలకు భయం ఉండదని ముందు చెప్పినవాళ్లుంటే వాళ్ల మాట నమ్మకండి. మంచు విడిపోయాక బస్సు దిగివచ్చింది. సారు తల వెనక్కి వాల్చి నిద్రపోతున్నాడు. ఘాట్ దిగేటప్పుడు పెద్ద సారు నిద్రపోయాడంటే ఇంక వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇప్పుడు పోలినాయుడు రోజూ ఈ దారినే వస్తాడు. మొదటిరోజు కండక్టరు తాతారావు నన్ను చూపించి, "నాయుడూ, అది మీ ఇంట్లో కుర్చీ కాదేటి? బస్సు పైన పడీమంటావా?" అని అడిగాడు.

"ఉండనీరా" అన్నాడు పోలినాయుడు. "ఈ స్టాపులో కూకోడానికి ఏటీ లేదు."

కుంకుమ వానకు కడుక్కుపోయింది. మొన్న ఒక ముసలామె అనాసపళ్ల గంప దించి, అటూ ఇటూ చూసి, నా మీద కూర్చుంది. ఆమె ఏమీ దిగులుపడలేదు. కాళ్లు చాపుకుని, ఒక పండు కోసుకుని తిని, బస్సు రాగానే లేచి వెళ్లింది.