పన్నెండో తలుపు

నేను ఒక తలుపుని. నన్ను తెరిస్తే గోడ వస్తుంది.

నవ్వారు కదూ? ఫర్వాలేదు. నన్ను చూసి నవ్వని మనిషిని నేనింకా చూడలేదు. ఇన్నేళ్ళలో నవ్వుల గురించి నాకు బోలెడంత తెలిసింది. నోరు మూసుకుని నవ్వేవాడు చుట్టం. పగలబడి నవ్వేవాడు కొత్తవాడు. నవ్వాక నా రెక్కను ఒకసారి నిమిరే మనిషి మాత్రం నూటికి ఒక్కరుంటారు. అలాంటి మనిషి కోసమే ఈ కథ.

కాకినాడలో భద్రాచారి అనే వడ్రంగి నన్ను తయారుచేశాడు. మంచి టేకు, రెండు రెక్కలు, రెక్కకో చిలక. ఎడమ చిలక ముక్కు కాస్త వంకర. అది చెక్కుతుండగా ఆయనకు తుమ్మొచ్చింది. చిత్రిక పడుతూ నాతో కబుర్లు చెప్పేవాడు. "నీ అవతల ఏ గదుంటాదో నాకు తెల్దు. ఏదున్నా గుట్టుగా కాపాడు. తలుపన్నాక అదే పని" అన్నాడొకసారి. ఆ మాట నా చెక్కలోకి ఇంకిపోయింది. ఎలాంటి గది దొరుకుతుందోనని రోజూ కలలు కనేదాన్ని. బియ్యం బస్తాల గదైనా సరేననుకున్నాను.

నన్ను కొన్నది గున్నేశ్వరరావు గారు. నిజానికి ఆయన ఇంటికి నా అవసరం లేదు. ఇల్లు పూర్తయి, గృహప్రవేశం కూడా అయిపోయింది. ఆ రోజు భోజనాలయ్యాక ఆయన బావమరిది కిళ్ళీ నములుతూ ఊరికే కూర్చోలేక ఇంట్లో తలుపులు లెక్కపెట్టాడు.

"బావా, తొమ్మిదున్నాయేంటి! తలుపులు సరిసంఖ్యలో ఉండాలని తెలీదా?"

"పోన్లే, ఇంకోటి పెట్టిద్దాం."

"అప్పుడు పదవుద్ది. చివర సున్నా వస్తే ఇంకా చేటు."

"పదకొండు?"

"మళ్ళీ బేసే కదా!"

గున్నేశ్వరరావు గారు తింటున్న లడ్డూ పక్కన పెట్టేశారు. "అంటే పన్నెండు చెయ్యాలంటావ్."

పదోది పెరటి గుమ్మానికి సరిపోయింది. పదకొండోది మేడమెట్ల చివర పెట్టారు. పన్నెండోదానికి ఇల్లంతా వెతికినా చోటు దొరకలేదు. చివరికి హాల్లో పడమటి గోడకు, ఆ గోడను ఒక్క ఇటుకైనా కదపకుండా, నన్ను ద్వారబంధంతో సహా బిగించారు. ద్వారబంధం కూర్చోవడానికి చెక్కేసిన సిమెంటు పూతను నా వెనక మళ్ళీ పూయలేదు. మూసి ఉండే తలుపే కదా, ఎవరు చూస్తారన్నారు.

భద్రాచారి అలవాటు కొద్దీ నాకు రెండు వైపులా గడియలు బిగించాడు. బిగించాక ఆయనకే అనుమానం వచ్చింది. "అయ్యా, అవతలేపు గడియ ఎవరేసుకుంటారండి?"

"ఉండనీవయ్యా. లెక్కలో తలుపంటే పూర్తి తలుపై ఉండాలి" అన్నారు గున్నేశ్వరరావు గారు.

అలా నా వీపుకూ ఇటుకలకూ మధ్య రెండంగుళాల చీకటి మిగిలింది. ఇరవై రెండేళ్ళు అదే నా గది. అందులో ఒక బల్లి కాపురం ఉండేది. వానాకాలం ఇటుకలు చెమ్మగిల్లి పచ్చి వాసన వేసేవి. వెనకవైపు గడియ తుప్పు పట్టింది. ఊపిరి తీసుకుందామన్నా చోటు లేదనిపించేది.

వరహాలమ్మ గారు, ఆ ఇంటి ఇల్లాలు, ప్రతి శుక్రవారం అన్ని గడపలతో పాటు నా గడపకూ పసుపు రాసి బొట్లు పెట్టేవారు. ఎవరూ దాటని గడపకు పసుపు! ముందు సిగ్గేసేది. తర్వాత ఆ చల్లటి వేళ్ళ కోసం శుక్రవారం దాకా ఎదురుచూడటం అలవాటైంది. చుట్టాలొస్తే చేతులు కడుక్కోవడానికని నన్ను తెరిచి, ఇటుకల్ని చూసి, ఎవరైనా గమనించారేమోనని చుట్టూ చూసి, మెల్లగా మూసేసేవారు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఇంకా మెల్లగా మూసేవారు.

నాకున్న ఒకే స్నేహం పదకొండోదితో. మెట్ల పైనుంచి అది మేడ మీది సంగతులు చెప్పేది. "ఇవాళ సముద్రం గాలి తిరిగింది. వడియాలు ఎండబెట్టారు. కాకి ఒకటి ఎత్తుకుపోయింది." అది చెప్పే ఆకాశాన్ని నేను చెవులతో చూసేదాన్ని. అసూయ పడ్డానా అంటే, పడ్డాను. అయినా అది చెప్పడం ఆపితే ఉండలేకపోయేదాన్ని.

మెట్లెక్కలేక గున్నేశ్వరరావు దంపతులు లిఫ్టున్న ఫ్లాటులోకి మారిపోయారు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. బ్రోకరు దాలినాయుడు వచ్చి ఫోనుతో ఫొటోలు తీశాడు. ఇల్లు విశాలంగా కనిపించాలని అన్ని తలుపులూ బార్లా తెరిచాడు, నన్ను కూడా. "పన్నెండు తలుపులు, పక్కా వాస్తు" అని రాసి ఆన్‌లైన్‌లో పెట్టేశాడు.

అంతే, నాకు కీర్తి వచ్చింది. విచిత్రమైన ఇళ్ళ ఫొటోలు పోగుచేసే పేజీ ఒకటుందట. అందులో నేను కనిపించాను. మనుషులు వచ్చారు. ఇల్లు కొనడానికి కాదు, నన్ను తెరిచి, ఇటుకల ముందు నిలబడి సెల్ఫీలు తీసుకోవడానికి. దాలినాయుడు నన్ను తిట్టని రోజు లేదు.

ఒక ఆదివారం పొద్దున్న సింధూర, మురారి వచ్చారు. పెళ్ళయి నాలుగు నెలలు. భోజనం కాగానే ఫోనులో వింత ఇళ్ళు చూసుకోవడం వాళ్ళ సరదా అని మాటల్లో తెలిసింది. పడగ్గదిలో బావి ఉన్న ఇల్లు, ఏడు మెట్లెక్కితే గానీ అందని మరుగుదొడ్డి, వంటింటి నడుమ స్తంభం ఉండి దోసె తిప్పడానికి ప్రదక్షిణం చెయ్యాల్సిన ఇల్లు. కొనే స్తోమత వాళ్ళకు లేదు. చూడటానికేం, ఉచితమే కదా.

సింధూర నన్ను తెరిచింది. ఇటుకల్ని చూసి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత వంకర ముక్కు చిలకను వేలితో నిమిరింది.

"ఏవండీ, పాపం దీనికి గది లేదు."

"మనకి తలుపు లేదు" అన్నాడు మురారి.

నిజంగానే లేదట. వాళ్ళ గదికి ఉన్నది కర్టెనే. ఫ్యాను వేస్తే అది ఎగురుతుంది. ఎగిరినప్పుడల్లా హాల్లో కూర్చున్నవాళ్ళు దగ్గుతారు. ఆ ఇంట్లో తలుపులు ఆరు. ఏడోది పెడితే బేసి అవుతుందని అత్తగారు కనకరత్నం గారు ఒప్పుకోలేదు.

"చూసింది చాల్లెండి" అన్నాడు దాలినాయుడు. "ఇల్లు అమ్ముడైపోయిందండి. కొన్నోళ్ళు అపార్ట్‌మెంట్ కడతారంట. గురువారం కూల్చేత్తారు. కర్రంతా సామిల్లుకే."

సామిల్లు. ఆ రంపం చప్పుడు పుట్టకముందే విన్నాను నేను. మళ్ళీ వింటానని అనుకోలేదు.

సింధూర చెయ్యి ఇంకా చిలక మీదే ఉంది. "నాయుడుగారూ, ఈ తలుపు మాకిస్తారా?"

"సింధూ, అమ్మ ఏమంటుందో తెలుసు కదా. ఏడు!"

"అయితే ఎనిమిది చేద్దాం. మెట్ల పైనున్నది కూడా తీసుకెళ్దాం."

"దాన్నెక్కడ పెడతాం? మనింట్లో ఇంకో గుమ్మమేదీ?"

సింధూర నా రెక్కల మధ్య నుంచి ఇటుకల వైపు చూసింది. మురారీ చూశాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. వాళ్ళకన్నా ముందే నాకు అర్థమైంది.

బుధవారం మమ్మల్నిద్దర్నీ ఆటో ట్రాలీలో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. జీవితంలో మొదటిసారి ఆకాశాన్ని చూశాను. పదకొండోది చెప్పినదానికన్నా పెద్దగా ఉంది. దానికి ఆ మాట చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను. గుమ్మంలో కనకరత్నం గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. "ఎనిమిదే కదా? సరే, తీసుకురండి."

నన్ను కర్టెన్ ఉన్నచోట బిగించారు. పదకొండోదాన్ని నా ఎదురుగా, హాలు గోడకు. దాని వెనక ఇటుకలు.

ఆ సాయంత్రం సింధూర మురారితో గదిలోకి వచ్చి నన్ను మూసింది. నా వీపు మీది గడియకు కొబ్బరినూనె రాసి, రెండు చేతులతో లాగింది. ఇరవై రెండేళ్ళ తుప్పు కిర్రుమని కదిలింది. గడియ పడింది. అమ్మాయి మంచం మీద ఎగిరి కూర్చుని, చప్పట్లు కొట్టి, "పడిందండీ, పడింది!" అంది. ఆ తర్వాత గదిలో ఏం మాట్లాడుకున్నారో నేను చెప్పను. భద్రాచారికి మాటిచ్చాను.

కానీ నాకు ముందువైపు కూడా ఉంది. అటు చూస్తే పదకొండోది కనిపిస్తుంది. పగలూ రాత్రీ కనిపిస్తుంది. దాని వీపు వెనక చీకటి ఎన్నంగుళాలో, చెమ్మకు ఆ ఇటుకలు ఎలాంటి వాసన వేస్తాయో నాకు కొలతలతో సహా తెలుసు. నేను వదిలిన చెర ఖాళీగా ఉండిపోలేదు. నా స్నేహితురాలికి ఇచ్చి వచ్చాను.

శుక్రవారాలు సింధూర దాని గడపకూ పసుపు రాస్తుంది. అటుగా వెళ్ళినప్పుడల్లా "లోపలికి రావచ్చా?" అని రెండు వేళ్ళతో తట్టి నవ్వుకుంటుంది.

పొద్దున్నే నన్ను బార్లా తెరుస్తారు. నా గదికి తూర్పు కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి వచ్చిన గాలి నన్ను దాటి నేరుగా వెళ్ళి పదకొండోదాని రెక్కల సందులో దూరుతుంది. అప్పుడు నేను మొదలుపెడతాను.

"ఇవాళ సముద్రం గాలి తిరిగింది. పక్కింటి డాబా మీద వడియాలు పెట్టారు. కాకి ఇంకా రాలేదు. రాగానే చెబుతాను."